మగ్గం నుండి మోటారు దాకా: సుజుకి చిన్నకారు భవితవ్యం

2024 ఆగస్టు నెలలో గుజరాత్ తీరాన ఉన్న పిపావావ్ రేవు నుండి జపానుకు ఒక ఓడ బయలుదేరినది. అందులో 1,600కు పైగా మోటారు కార్లు ఉన్నవి. అవి మన దేశంలో, మన కార్మికుల చేతులమీదుగా తయారైన సుజుకి కార్లు. 2025 జనవరి 30వ తేదీన, హర్యానాలోని గురుగ్రాంలో తయారయ్యే ఐదు తలుపుల జిమ్నీ బండిని జపానులో అమ్మకానికి ప్రకటించినప్పుడు నాలుగైదు రోజులలోనే దాదాపు 50,000 మంది జపానీయులు తమకు కావలెనని పేర్లు వ్రాయించుకొన్నారు. కంపెనీవారు తట్టుకొనలేక పుస్తకం మూసివేయవలసి వచ్చినది. నలువది సంవత్సరాల క్రిందట జపాను నుండి పెట్టెలలో దిగిన విడిభాగాలను ఇక్కడ బిగించి, ఇది మన కారు అని మురిసిపోయిన దేశం మనది. ఈనాడు ఓడ ఎదురుదిశలో నడుస్తున్నది.

ఈ రెండు వార్తల నడుమ మూడవ వార్త ఒకటి వచ్చినది. నాలుగు దశాబ్దాలకు పైగా సుజుకి కంపెనీని నడిపిన ఒసాము సుజుకి 2024 డిసెంబరు 25వ తేదీన, తమ 94వ ఏట మరణించినారు. మరునెలలోనే భారత ప్రభుత్వం ఆయనకు మరణానంతరం పద్మవిభూషణ పురస్కారం ప్రకటించినది. ఒక విదేశీ వ్యాపారికి ఇంతటి గౌరవమేల అని కొందరు విద్యార్థులకు సందేహం కలుగవచ్చును. ఆ సందేహం తీరవలెనంటే ఆ కంపెనీ కథ కొంత తెలుసుకొనవలెను. అయితే కథ కోసమే కథ చెప్పుట ఈ వ్యాసం ఉద్దేశం కాదు. చిన్నకారును నమ్ముకొని బ్రతికిన కంపెనీ ఇది. ఆ చిన్నకారును కొనేవారు మన దేశంలో కొన్ని ఏండ్లుగా తగ్గుతూ వచ్చినారు. ఇది ఒక కంపెనీ లాభనష్టాల విషయం మాత్రమే కాదు. స్కూటరుపై భార్యాబిడ్డలను ఎక్కించుకొని పోయే గృహస్థు ఏనాటికైనా నాలుగు చక్రాలను, తలమీద కప్పును పొందగలడా అన్న ప్రశ్న ఇందులో ఇమిడి ఉన్నది.

జపాను పటంలో టోక్యోకు, నగోయాకు నడుమ, పసిఫిక్ తీరాన హమమాత్సు అనే పట్టణం ఉన్నది. ఆ ప్రాంతం పత్తికి, నేతకు పేరుపొందినది. యమహా కంపెనీ మూలపురుషుడు ఒక బడిలోని ఆర్గన్ వాద్యాన్ని బాగుచేసి వాద్యాల తయారీకి శ్రీకారం చుట్టినది ఈ ఊరిలోనే. హోండా కంపెనీ స్థాపకుడు సోయిచిరో హోండా పుట్టినది దీని సమీపంలోనే. టొయోటా వంశానికి ఆద్యుడైన సాకిచి టొయోడా జన్మస్థలం ఈ ఊరికి పడమట, హమన సరస్సు ఆవలి ఒడ్డున ఉన్న కొసాయి. ఇంత చిన్న వైశాల్యంలో ఇందరు యంత్రకారులు పుట్టుటకు నీటిమహిమయే కారణమని మన పెద్దలు అనియుందురు. కాని అక్కడివారు తమ మాండలికంలోని ఒక్క మాటను కారణంగా చెప్పుకొంటారు: ‘యరమైక’. ‘పదండి, చేసి చూద్దాం’ అని దాని భావం.

1887లో అక్కడి ఒక పల్లెలో పుట్టిన మిచియో సుజుకి వడ్రంగి పనివారు. గురువువద్ద ఇళ్ళ కొయ్యపని నేర్చుకొంటూ ఉండగా రష్యా-జపాను యుద్ధం వచ్చినది. ఇళ్ళు కట్టించేవారు కరవైనారు. గురువు మగ్గాల పనికి దిగగా శిష్యుడూ ఆ విద్యనే పట్టుకొన్నారు. 1909లో మిచియో స్వంతంగా మగ్గాల కార్ఖానా పెట్టినారు. తమ మొదటి మగ్గాన్ని తల్లికొరకే చేసినారని ప్రతీతి. మగ్గాన్ని ఎరిగినవారికి ఆయన ప్రజ్ఞ ఎక్కడ ఉన్నదో ఇట్టే తెలుస్తుంది. నాడె ఒక్కటే ఉన్నచోట పేక రంగు మారినప్పుడెల్లా నేతగాడు పని ఆపి నాడె మార్చుకొనవలసి ఉంటుంది. మిచియో రెండు నాడెలు వంతులవారీగా నడిచే మగ్గం చేసి చారలగుడ్డ నేతను సులభం చేసినారు. తరువాత ఆగ్నేయాసియా ప్రజలు నడుమునకు చుట్టుకొనే గళ్ళ సరోంగు గుడ్డకు అనువైన మగ్గాలు చేసి ఎగుమతి చేసినారు. మన చీరాల ప్రాంతపు గళ్ళలుంగీని చూచినవారికి ఆ గుడ్డ ఎట్లుంటుందో వేరుగా చెప్పనక్కరలేదు. 1920లో ఆ కార్ఖానా కంపెనీగా మారినది.

కాని మంచి మగ్గానికి ఒక దోషం ఉన్నది. అది చెడిపోదు. ఒకసారి కొన్నవాడు ముప్పది ఏండ్లదాకా మళ్ళీ రాడు. సరకు మన్నికయే వ్యాపారానికి అడ్డమగుట మిచియోకు ముందుగానే తోచినది. ప్రజలకు మాటిమాటికీ అవసరమయ్యే వేరొక యంత్రాన్ని వెదకుచు 1937లో ఆయన చిన్నకారుపై దృష్టి నిలిపినారు. ఇంగ్లండు నుండి ఆస్టిన్ సెవెన్ కారును తెప్పించి, విడదీసి, అధ్యయనం చేసి, కొన్ని నమూనాలు తయారుచేయించినారు. ఇంతలో యుద్ధం వచ్చినది. జనం ఎక్కే కారు అత్యవసర వస్తువు కాదని ప్రభుత్వం తీర్మానించుటతో ఆ నమూనాలు అటకెక్కినవి. యుద్ధానంతరం మగ్గాలకు తిరిగి గిరాకి వచ్చినను అది నిలువలేదు. సమ్మెలు, అప్పులు చుట్టుముట్టి 1950లో కంపెనీ మునిగిపోవు స్థితికి వచ్చినప్పుడు చేయి అందించినది టొయోడా మగ్గాల కంపెనీ. ఒకే వృత్తివారి నడుమ ఇట్టి ఆదరణ మన వ్యాపారలోకంలో ఎంత అరుదో వేరుగా చెప్పనక్కరలేదు.

1952లో ‘పవర్ ఫ్రీ’ అనే మోటారు సైకిలు వచ్చినది. నిజానికి అది మామూలు సైకిలే; దానికి 36 ఘనసెంటీమీటర్ల బుల్లి ఇంజను తగిలించినారు. దాని తమాషా ఏమనగా, ఇంజను సహాయంతో తొక్కవచ్చును, ఇంజను ఆపి ఉత్తసైకిలుగా తొక్కవచ్చును, తొక్కుట మాని ఇంజనుతోనే పోవచ్చును. పెట్రోలు కొనే శక్తి అన్ని రోజులూ ఒకే తీరున ఉండనివాని కష్టసుఖాలు తెలిసినవాడు చేసిన యంత్రమది. సుజుకి కంపెనీ తత్త్వమంతా ఆ ఒక్క సైకిలులో కనిపిస్తుందని ఈ రచయిత అభిప్రాయం. 1954లో కంపెనీ పేరులో మగ్గం పోయి మోటారు వచ్చినది. 1955 అక్టోబరులో ‘సుజులైట్’ అనే తొలికారు వచ్చినది. 360 ఘనసెంటీమీటర్ల ఇంజను. ముందుచక్రాలను త్రిప్పే ఏర్పాటు. ఆ ఏర్పాటు జపానులో అప్పటికి క్రొత్తది.

ఇక్కడ జపాను ప్రభుత్వపు పాత్రను చెప్పకుండుట న్యాయం కాదు. యుద్ధంలో చితికిన దేశంలో సామాన్యునికి అందే వాహనం ఉండవలెనని, 1949 నుండి అక్కడ ‘కెయి’ అనే ఒక ప్రత్యేక వర్గాన్ని ఏర్పరచినారు. కెయి అనగా తేలిక అని అర్థం. ఈ వర్గపు బండికి పొడవు ఇంత, వెడల్పు ఇంత, ఇంజను ఇంత అని హద్దు గీచి, ఆ హద్దులో ఉన్నదానికి పన్నులు తగ్గించినారు. పల్లెలలో, చిన్న పట్టణాలలో బండి నిలుపుకొనే చోటు చూపవలెనన్న నిబంధనను కూడా సడలించినారు. ఇంజను హద్దు 1976లో 550కి, 1990లో 660 ఘనసెంటీమీటర్లకు పెరిగినది. ఈనాటి కెయి కారు పొడవు 3.4 మీటర్లు, వెడల్పు 1.48 మీటర్లు దాటరాదు. మన ఇంటి మంచం పొడవు రెండు మీటర్లు ఉంటుందనుకొంటే, రెండు మంచాలు కొసా కొసా కలిపివేసిన పొడవుకు కూడా ఆ కారు చాలదన్నమాట. అయినను జపానులో అమ్ముడయ్యే క్రొత్త కార్లలో మూడింట ఒకవంతుకు పైగా ఇవే. సంపన్నదేశమైన తరువాత కూడా జపానీయుడు చిన్నకారును విడిచిపెట్టలేదు. ఇది గమనింపదగినది. అది కేవలం పేదరికపు గుర్తు అయి ఉంటే, పేదరికంతోపాటే పోయి ఉండెడిది.

ఛందస్సు తెలిసిన ఉపాధ్యాయులకు ఈ విషయం సులభంగా బోధపడుతుంది. గణాలు, యతిప్రాసలు కవికి సంకెళ్ళని కొందరు అంటారు. ఆ హద్దులలోనే మంచికవికి పదును వస్తుందని కొందరు అంటారు. కెయి కారు విషయంలో రెండవ పక్షమే నెగ్గినది. హద్దు కదలదు కనుక లోపల ఇంకొక అంగుళం మోకాలికి చోటు ఎట్లు సంపాదించుట, ఇంకొక గ్రాము ఇనుము ఎక్కడ తగ్గించుట అని అక్కడి ఇంజనీర్లు డెబ్బది ఏండ్లుగా తలలు బద్దలు కొట్టుకొంటున్నారు. సుజుకివారు దీనిని ఐదు అక్షరాల మంత్రంగా చేసుకొన్నారు: షో, షో, కెయి, తాన్, బి. చిన్నగా, కొద్దిగా, తేలికగా, పొట్టిగా, అందంగా. ఒక్కొక్క భాగంలో ఒక్కొక్క గ్రాము తగ్గించవలెనని ఒక ఉద్యమమే నడిపినారు. బరువు తగ్గితే ఇనుము మిగులును, ఇనుము మిగిలితే ధర తగ్గును, తేలిక బండికి చిన్న ఇంజను చాలును, చిన్న ఇంజనుకు పెట్రోలు తక్కువ. ఒక్క మెట్టు దిగితే నాలుగు మెట్లు కలిసివస్తవి.

ఈ మంత్రాన్ని ఉపాసించినవారిలో అగ్రగణ్యుడు ఒసాము సుజుకి. ఆయన పుట్టుకతో సుజుకి కారు. 1930లో గిఫు మండలంలో మత్సుదా ఇంట పుట్టి, బ్యాంకులో పనిచేస్తూ, సుజుకి వంశపు ఆడపడుచును పెండ్లాడి, ఇల్లరికం వచ్చి, ఆ ఇంటిపేరు స్వీకరించినారు. ఆయన మామగారు కూడా ఇల్లరికపు అల్లుడే. మన పల్లెలలో ఇల్లరికపు అల్లునిపై ఎన్ని సామెతలున్నవో అందరికీ తెలుసును. ఆ సామెతలను తారుమారు చేసిన అల్లుడు ఈయన. 1978లో కంపెనీ అధ్యక్షులయ్యేసరికి పరిస్థితి ఏమంత బాగుండలేదు. గాలిని చెడగొట్టే పొగపై ప్రభుత్వం కఠిన నిబంధనలు పెట్టగా, సుజుకి నమ్ముకొన్న పాతరకం ఇంజన్లు వానికి లొంగలేదు; టొయోటా వారి పూనికతో, పోటీదారైన దైహాత్సు కంపెనీ ఇంజన్లను తమ కార్లలో బిగించుకొనవలసిన అగత్యం ఏర్పడినది.

అప్పుడు వచ్చినది ఆల్టో. 1979 మే నెలలో, దేశమంతటా ఒకే ధర 4,70,000 యెన్లకు. తక్కిన చిన్నకార్లు ఆరులక్షల యెన్ల చుట్టూ ఉన్న రోజులవి. ఈ ధర ఎట్లు సాధ్యమైనది? ఇందులో ఇనుము లెక్క కొంత, పన్ను లెక్క కొంత. మనుషులు ఎక్కే కారుపై అప్పుడు జపానులో 15.5 శాతం వస్తుపన్ను ఉండెను. సరకుల బండికి లేదు. ఒసాము తమ కర్మాగారం ముంగిట నిలిచి ఉన్న ఉద్యోగుల వాహనాలను చూచి, సరకుల బండ్లలో మనుషులే వస్తున్నారని, అందులోను తరచుగా ఒక్కరో ఇద్దరో వస్తున్నారని గమనించినట్లు చెబుతారు. వెనుక సీటును కుదించి సరకుకు చోటు పెంచినట్లు చూపితే అదే కారు చట్టరీత్యా సరకుల బండి అవుతుంది. అట్లే చేసినారు. రేడియో తీసివేసినారు. సిగరెట్టు ముట్టించే సాధనం తీసివేసినారు. ఎడమవైపు తలుపునకు తాళపుచెవి రంధ్రం కూడా తీసివేసినారు. నడిపేవాడు కుడివైపు ఎక్కి లోపలినుండి తెరువలేడా అని. ఆల్టో విరగబడి అమ్ముడైనది. పల్లెలోని గృహిణులు, భర్త కారు భర్తకు పోగా తమకొక బండి కావలసినవారు, దానిని కొన్నారు. ప్రభుత్వం తరువాత మేల్కొని ఆ వర్గంపై కూడా పన్ను వేసినది. పన్ను ఎగవేయుట వేరు, పన్ను చట్టాన్ని జాగ్రత్తగా చదువుట వేరు. ఒసాము రెండవ పని చేసినారు. అది కొందరికి రుచింపకపోవచ్చును.

ఇదే కాలంలో మన దేశంలో కారు అనగా అంబాసిడర్, లేదా పద్మిని. ఏడాదికి అన్నీ కలిసి యాభైవేలు కూడా తయారు కానివి. డబ్బు కట్టి ఏండ్ల తరబడి ఎదురుచూడవలసిన రోజులు. సంజయ్ గాంధీ 1971లో స్థాపించిన మారుతి కంపెనీ ఒక్క కారునైనా సక్రమంగా బజారుకు పంపకుండానే మూతపడగా, 1980లో ప్రభుత్వం దానిని స్వాధీనం చేసుకొన్నది. 1981లో మారుతి ఉద్యోగ్ ఏర్పడినది. భాగస్వామికోసం మన అధికారులు ఐరోపా, జపాను దేశాలు తిరిగినారు. పెద్ద కంపెనీలకు మన దేశంపై నమ్మకం కుదరలేదు. సుజుకి అప్పటికి జపాను కార్ల తయారీలో ముందువరుసలో లేదు. తమ దేశంలో ప్రథమస్థానం దక్కని కంపెనీ వేరొక దేశంలోనైనా ప్రథమస్థానంలో నిలువవలెనన్నది ఒసాము పట్టుదల. 1982 అక్టోబరు 2వ తేదీన ఒడంబడిక జరిగినది. అదే నెలలో, మగ్గాలు చేసిన మిచియో సుజుకి కన్నుమూసినారు.

1983 డిసెంబరు 14వ తేదీన ప్రధాని ఇందిరాగాంధీ మొదటి మారుతి 800 తాళపుచెవిని ఢిల్లీలో ఒక విమానసంస్థ ఉద్యోగికి అందించినారు. ధర సుమారు యాభైవేల రూపాయలు. 796 ఘనసెంటీమీటర్ల మూడు సిలిండర్ల ఇంజను. బరువు 650 కిలోల ప్రాంతం. ఆ కారు చేసిన మార్పు ఎట్టిదో నేటి విద్యార్థులకు ఊహింపనలవి కాదు. ఉదయం తాళం త్రిప్పగానే కదిలే కారు అంతకుముందు మనవారికి అరుదు. తెలుగుదేశపు చిన్న పట్టణాలలో సైతం వైద్యులు, వకీళ్ళు, పొగాకు మిరప వర్తకులు మొదట కొన్న క్రొత్తకారు చాలామందికి ఇదే. డ్రైవరు లేకుండ స్వయంగా నడుపుకొనుట, స్త్రీలు చక్రం పట్టుకొనుట మర్యాదస్థులలో వ్యాపించినది కూడా దీనితోనే. డ్రైవింగు బడులన్నీ ఈ కారుతోనే అక్షరాభ్యాసం చేయించినవి. 2014 జనవరిలో దాని ఉత్పత్తి ఆగేనాటికి 25 లక్షలకు పైగా బయటికి వచ్చినవి.

దీనిలో జపాను పాలెంత, మన పాలెంత? కర్మాగారంలో అధికారికి, కార్మికునికి ఒకే దుస్తులు, ఒకే భోజనశాల, గోడలు లేని కార్యాలయం, ఉదయం వ్యాయామం, ఇవి సుజుకి తెచ్చినవి. మన ప్రభుత్వోద్యోగ సంప్రదాయంలో పెరిగిన అధికారులు కంచం చేతపట్టి వరుసలో నిలబడుట అప్పట్లో వింతగా చెప్పుకొనెడివారు. అయితే ప్రభుత్వం అండ లేనిదే ఇది సాగేది కాదు. పోటీకి వేరొకరిని దాదాపు పదేండ్లు రానివ్వలేదు. ఆ రక్షణకు ప్రతిగా, విడిభాగాలను దేశంలోనే తయారు చేయించవలెనని షరతు పెట్టినారు. 1985 తరువాత యెన్ విలువ విపరీతంగా పెరిగి దిగుమతి భాగాల ధర మండిపోవుటతో ఆ షరతు స్వప్రయోజనం కూడా అయినది. ఢిల్లీ పరిసరాలలో వందలాది చిన్న కర్మాగారాలు లేచినవి. ఈనాడు జపానుకు ఓడ ఎక్కుతున్న కారు వెనుక ఉన్నవి ఆ కర్మాగారాలే. మొదట 26 శాతం వాటాతో వచ్చిన సుజుకి 2002 నాటికి అధికారం చేజిక్కించుకొన్నది. 2007లో ప్రభుత్వం పూర్తిగా తొలగిపోయినది. ప్రభుత్వరంగపు వృక్షం ప్రైవేటు తోటలోకి మారిన ఈ విధానాన్ని మెచ్చుకొనేవారూ ఉన్నారు, నొచ్చుకొనేవారూ ఉన్నారు.

ఈ కారుపై జనానికి గల మక్కువకు రహస్యం లేదు. ఏ మండల కేంద్రంలోనైనా దానిని విప్పి బిగింపగల మెకానిక్ దొరుకుతాడు. విడిభాగం దొరుకుతుంది. పెట్రోలు తక్కువ త్రాగుతుంది. అమ్ముకొంటే మంచి ధర వస్తుంది. మధ్యతరగతి గృహస్థుకు కారు అనురాగ విషయం కాదు. బ్యాంకు అప్పు విషయం.

ఇంత చెప్పి రెండవవైపు చెప్పకపోతే విశ్లేషణ కాదు. గ్రాములు తగ్గించే నేర్పు ప్రాణాపాయానికి దారితీసిన సందర్భాలున్నవి. 2014లో గ్లోబల్ ఎన్‌క్యాప్ అనే సంస్థ గాలిసంచులు లేని ఆల్టో 800ను, స్విఫ్టును గంటకు 64 కిలోమీటర్ల వేగంతో ఢీకొట్టించి పరీక్షించగా రెండింటికీ సున్నా నక్షత్రాలు వచ్చినవి. చౌకకారు కొన్నవాని ప్రాణం చౌక కాదు గదా! పది సంవత్సరాల తరువాత, 2024లో, అదే సంస్థ పరీక్షలో డిజైర్ కారు ఐదు నక్షత్రాలు పొందినది. 2025లో ఆల్టో వంటి చిన్నకార్లకు కూడా ఆరు గాలిసంచులు తప్పనిసరిగా అమర్చుట మొదలైనది. అనగా చేయదలచుకొంటే చేయవచ్చునన్నమాట. ఒకే దుస్తుల సమానత్వం కూడా అన్నివేళలా నిలువలేదు. మానేసర్ కర్మాగారంలో 2011లో సమ్మెలు జరిగినవి. ఒప్పంద కార్మికుల వేతనాలు, స్వతంత్ర సంఘం హక్కు అందులోని వివాదాలు. 2012 జులై 18వ తేదీన అల్లరి చెలరేగి, నిప్పు అంటుకొని, ఒక ఉన్నతాధికారి మరణించినారు. కంపెనీ 500 మందికి పైగా శాశ్వత కార్మికులను తొలగించినది. 2017లో కోర్టు 31 మందిని దోషులుగా నిర్ణయించి, 117 మందిని నిర్దోషులుగా విడుదల చేసినది. విడుదలైనవారు గడిపిన కారాగారవాసపు సంవత్సరాలకు లెక్క ఎవరు చెప్పవలెనో తెలియదు. జపానులో కూడా, తనిఖీలు సరిగా జరుపలేదని బయటపడి 2019లో సుమారు 20 లక్షల వాహనాలను కంపెనీ వెనుకకు పిలువవలసి వచ్చినది.

పెద్దవారి చెలిమి సుజుకికి అంతగా అచ్చిరాలేదు. జనరల్ మోటార్స్‌తో 1981లో కలిసిన చేయి 2008లో విడిపోయినది. జర్మనీకి చెందిన ఫోక్స్‌వ్యాగన్‌తో 2009లో కలిసి, తనను పాలేరుగా చూస్తున్నారని తోచి, రెండేండ్లకే విడిపోదలచి, 2015లో మధ్యవర్తుల తీర్పుతో బయటపడినది. అమెరికాలో కార్ల అమ్మకాన్ని 2012లో, చైనాలో 2018లో విరమించినది. పెద్దకార్లపై మోజున్న ఆ రెండు దేశాలలో దానికి చోటు లేకపోయినది. 2019 నుండి పాత చుట్టమైన టొయోటాతో పరస్పరం వాటాలు కొనుక్కొన్న సంబంధం ఉన్నది. ఇక మిగిలిన ప్రధానాధారం భారతదేశం. సుజుకి ప్రపంచమంతటా అమ్మే కార్లలో సగానికి పైగా ఇక్కడివే. బిడ్డ సంపాదనపై తండ్రి ఇల్లు గడుస్తున్నదని చెప్పినా తప్పులేదు.

ఆ బిడ్డ ఇంటనే ఇప్పుడు రుచులు మారినవి. ఒకనాడు మన దేశపు కార్లలో సగానికి పైగా మారుతివే. 2024-25 నాటికి ఆ వాటా సుమారు 40 శాతానికి దిగినది. ఎత్తుగా, బరువుగా, జీపును పోలి ఉండే బండ్లు సగానికి మించి అమ్ముడవుతున్నవి. ధనవంతుల రుచి పెద్దకారు వైపు పోవుట ఆశ్చర్యం కాదు. మొదటికారు కొనవలసినవాడు అసలు దుకాణానికే రాకపోవుట ఆలోచింపవలసిన విషయం. 2020లో వచ్చిన పొగ నిబంధనలు, భద్రతా నిబంధనలు, బీమా, ఇవన్నీ న్యాయమైనవే. కాని వాని భారం పదిలక్షల కారుపై చినుకు, మూడులక్షల కారుపై జడివాన. స్కూటరుకు, చిన్నకారుకు నడుమ మెట్టు ఎత్తు పెరిగిపోయినది.

2025 సెప్టెంబరు 22వ తేదీ నుండి కేంద్రప్రభుత్వం 4 మీటర్ల లోపు పొడవు, 1,200 ఘనసెంటీమీటర్ల లోపు ఇంజను గల పెట్రోలు కార్లపై వస్తుసేవల పన్నును 28 నుండి 18 శాతానికి తగ్గించినది. మారుతివారు తమ అతి చౌక కారును మూడున్నర లక్షలకు దించినారు. ఆ దసరాకు చిన్నకార్లకు గిరాకి లేచినది. జపాను 1949లో చేసిన ఆలోచన ఇదే. తేడా ఒక్కటి ఉన్నది. అక్కడ హద్దు ఇరుకు. ఇక్కడ 4 మీటర్లంటే జీపును పోలిన బండ్లు కూడా అందులో దూరగలవు. దీనితోపాటు పెట్రోలు ఖర్చుపై రాబోయే క్రొత్త నిబంధనలలో 909 కిలోల లోపు కార్లకు కొంత సడలింపు ఉండవలెనని 2025 సెప్టెంబరు ముసాయిదాలో చేర్చగా ఇతర కంపెనీలు అభ్యంతరం చెప్పినవి. ఇది ఒక్క కంపెనీకి చేసే ఉపకారమని వారి వాదం. తేలిక బండి సహజంగానే పెట్రోలు తక్కువ త్రాగుతుంది గనుక దానికి వేరే కనికరం ఎందుకన్నది సమంజసమైన ప్రశ్నయే. అయితే బరువు పెరిగినకొద్దీ హద్దు సడలే నిబంధన వ్రాసి, ఆపై తేలికబండిని దండించుట ఏమి న్యాయమని సుజుకి పక్షంవారు అడిగే ప్రశ్న కూడా తోసివేయదగినది కాదు. ఈ రచయిత మొగ్గు రెండవవారి వైపే. కాని ఆ సడలింపు భద్రతను కొలబద్దగా పెట్టుకొని ఇచ్చేదై ఉండవలెను.

అన్నిటికన్న చిక్కైనది విద్యుత్ కారు. 2025 ఆగస్టు 26వ తేదీన గుజరాత్‌లోని హన్సల్‌పూర్ కర్మాగారంలో ప్రధాని నరేంద్రమోదీ సుజుకివారి తొలి ప్రపంచస్థాయి విద్యుత్ కారు ఈ-విటారాను జెండా ఊపి సాగనంపినారు. వందకు పైగా దేశాలకు అది ఇక్కడినుండే పోవలెనని సంకల్పం. పొగ లేనిది, మెచ్చదగినదే. కాని దాని బరువు 1,700 కిలోల పైమాట. అనగా రెండున్నర మారుతి 800లు. బ్యాటరీ బరువు అట్టిది. గ్రాములు లెక్కపెట్టిన ఇంట ఇట్టి బండి పుట్టుట విధివిలాసమనవలెను. బహుశః ఈ సంకటం తెలిసియే కంపెనీ ఒక దారినే నమ్ముకొనక, గుజరాత్‌లోని బనాస్‌కాంఠా పాడిరైతుల సహకార సంఘంతో కలిసి పశువుల పేడ నుండి వాయువు తీసి కార్లు నడిపే ప్రయత్నం కూడా చేస్తున్నది.

ఈ-విటారా బయలుదేరుటకు ఒక సంవత్సరం ముందు, 2024 జులైలో, కంపెనీవారు రాబోయే పదేండ్ల సాంకేతిక ప్రణాళికను ప్రకటించినారు. అందులో విద్యుత్తు ఉన్నది, వాయువు ఉన్నది. వానితోపాటు ఇంకొక లక్ష్యం కూడా ఉన్నది: జపానులో ఇప్పుడు 680 కిలోలున్న ఆల్టోను మరి 100 కిలోలు తగ్గించుట.